అతుకు దగ్గర కూర్చుందాము

(శతవార్షికోత్సవ సన్నాహ సభలో స్త్రీల సమాజము పక్షమున చేసిన ప్రసంగము)



మాకు ఇచ్చిన అంశము “సంఘ ఐక్యత”. ఈ అంశము మీద మన డయాసిస్‌లో ప్రసంగములకు ఏనాడూ కొదువ లేదు. కాబట్టి ఐక్యత అంటే ఏమిటో మరొకసారి చెప్పి మీ సమయము తీసుకోము. ఏ పని చేస్తే ఐక్యత కుదురుతుందో, మా చేతులకు తెలిసినంత వరకు, ఒక చిన్న సంగతి మనవి చేస్తాము. అది సూదీ దారముల సంగతి. అనేక ఇండ్లవారు ఒకచోట కూర్చుని ఒకే బట్టను కుట్టే సంగతి.

ఈ మాట ఇప్పుడే ఎందుకు అంటారేమో. ఉత్సవ కమిటీ ముందు ఒక ప్రశ్న ఉన్నది. కృతజ్ఞతారాధన నాడు బలిపీఠము వెనుక గోడకు ఏమి వేలాడదీయాలి? ఫ్లెక్సీ అయితే ఒక్క రాత్రిలో అచ్చు వేసి ఇస్తారు. శ్రమ లేదు, ఖర్చూ తక్కువే. కాని ఆ ఫ్లెక్సీ మీద ఎవరి ఫోటో పెద్దది, ఎవరిది చిన్నది, ఎవరి పేరు మరచిపోయారు అనే దగ్గర ఎన్ని సంఘములలో ఎందరి మనస్సులు నొచ్చుకున్నాయో ఇక్కడ కూర్చున్న పెద్దలకు మేము చెప్పనక్కరలేదు. దానికి బదులుగా ప్రతి పాస్టరేట్ నుండి వచ్చే పాత బట్టల ముక్కలతో ఒక పెద్ద తెరను మనమే కుట్టుకుందామని మా విన్నపము.

పాత బట్టలా అని ముఖము చిట్లించుకోవద్దు. మన తల్లులు, అమ్మమ్మలు బొంతలు కుట్టేవారు. అరిగిపోయిన నేత చీర, చిరిగిన పంచె, పిల్లలకు పొట్టి అయిపోయిన చొక్కా, ఏదీ పారవేసేవారు కారు. పొరలు పొరలుగా పరచి, అంచులు మడిచి, పెద్ద సూదితో వరుసలుగా కుట్టేవారు. ఒక్కరే కుడితే నెలలు పట్టే బొంతను ఇరుగుపొరుగువారు చేరి కొద్ది మధ్యాహ్నములలో ముగించేవారు. ఆ బొంత మీద పుట్టినవారము, ఆ బొంత కప్పుకుని జ్వరములు పోగొట్టుకున్నవారము మనలో చాలామంది ఉన్నాము. దానిలో ఏ ముక్క ఎవరిదో కుట్టినవారికి తెలుసు. కప్పుకున్నవారికి మాత్రము అది ఒక్కటే బొంత.

ఇప్పుడు దేవుని వాక్యము వైపు చూద్దాము. నిర్గమకాండము 35, 36 అధ్యాయములలో ప్రత్యక్ష గుడారము తయారైన విధము వ్రాయబడి ఉన్నది. బంగారము ఉన్నవారు బంగారము తెచ్చారు, మేకవెండ్రుకలు ఉన్నవారు మేకవెండ్రుకలు తెచ్చారు. స్త్రీలు తమ చేతులతో నూలు వడికి తెచ్చారు. కావలసినదానికంటె ఎక్కువ వచ్చి పడుతున్నదని పనివారు మొరపెట్టుకుంటే, ఇక తేవద్దని మోషే పాళెమంతటా చాటించవలసి వచ్చింది. ఇంతవరకు మనము కానుకల పండుగలలో తరచుగా వింటాము.

మనము అంతగా గమనించని రెండు విషయములు అక్కడే ఉన్నాయి. మొదటిది పనికి ఏర్పరచబడినవారిని గురించినది. బెసలేలు యూదా గోత్రపువాడు. అహోలీయాబు దాను గోత్రపువాడు. యూదా ప్రయాణములో అందరికంటె ముందు నడిచే గోత్రము, దాను అందరికంటె వెనుక నడిచే గోత్రము. దాను రాహేలు దాసియైన బిల్హాకు పుట్టిన కుమారుడని ఆదికాండము చెబుతున్నది. ముందున్న గోత్రము నుండి ఒకరిని, వెనుకనున్న గోత్రము నుండి ఒకరిని దేవుడు ఒకే పని మీద కూర్చోబెట్టాడు. అంతేకాదు, ఇతరులకు నేర్పే బుద్ధిని కూడ ఆ ఇద్దరికీ ఇచ్చాడు. పని తెలిసినవారు పనిని తమ గుప్పిట్లో దాచుకోకూడదన్నమాట.

రెండవది తెరలను గురించినది. గుడారపు తెరలు పది. ఒక్కొక్కటి 28 మూరల పొడుగు, 4 మూరల వెడల్పు. ఐదు తెరలను ఒకటిగా, మిగిలిన ఐదింటిని మరొకటిగా కూర్చారు. ఈ రెండింటి అంచులలోను 50 చొప్పున నీలినూలు కొలుకులు పెట్టారు. ఆ కొలుకులు ఒకదానికొకటి సరిగా ఎదురుగా ఉండాలి. ఆపైన 50 బంగారు గుండీలతో రెండింటినీ కలిపారు. అప్పుడు అది ఒక్కటే మందిరమయిందని అక్కడ వ్రాయబడి ఉన్నది. ఈ వివరమంతా 26వ అధ్యాయములో ఆజ్ఞగా ఒకసారి, 36వ అధ్యాయములో నెరవేర్పుగా మరొకసారి ఉన్నది. తెరల మీది కెరూబుల చిత్రపుపనిని ఒక్క మాటలో చెప్పి ముందుకు సాగిన గ్రంథము, అతుకు దగ్గరకు వచ్చేసరికి ఆగి, కొలుకులను లెక్కపెట్టి చెబుతున్నది. మేము నేర్చుకున్నది ఇక్కడే. పది తెరలు అందముగా ఉన్నందువలన మందిరము ఒకటి కాలేదు. అతుకు కుదిరినందువలన ఒకటయింది.

ముక్కలు అందరివీ అయినంత మాత్రాన ఐక్యత వస్తుందా? రాదు. దీనికి సాక్ష్యము మన గోదావరి డెల్టాలోనే ఉన్నది. నరసాపురము ప్రాంతపు లేసు అల్లిక మీ అందరికీ తెలుసు. పందొమ్మిదవ శతాబ్దములో మిషనరీ కుటుంబముల స్త్రీలు అక్కడి పేద క్రైస్తవ స్త్రీలకు ఈ పని నేర్పారు. తరువాత అది ఇతర కులముల ఇండ్లలోనికి కూడ పాకింది. విదేశములకు ఎగుమతి అయ్యే పెద్ద వ్యాపారమయింది. 2024లో ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు కూడ లభించింది. ఆ చేతులకు దక్కిన గౌరవమునకు మనము సంతోషించవలసినదే.

అయితే మరియా మీస్ అనే జర్మను దేశపు సామాజిక శాస్త్రవేత్త ఆ స్త్రీల మధ్య పరిశోధన చేసి 1982లో ఒక పుస్తకము ప్రచురించారు. ఆమె చూపించినది ఏమిటంటే, ఆ పని ముక్కలు ముక్కలుగా విభజింపబడింది. పువ్వులు అల్లేవారు వేరు, వాటిని అతికేవారు వేరు. ఎవరి ఇంటి అరుగు మీద వారు కూర్చుని అల్లుతారు. ఏజెంటు వచ్చి నూలు ఇస్తాడు, అల్లినది పట్టుకుపోతాడు. గంటల తరబడి పని చేసినా అది ఇల్లాలు తీరిక వేళలో చేసుకునే పనిగానే లెక్కకు వచ్చేది. కూలి బహు స్వల్పము. అనేకమంది చేతులు కలిసి ఒక బల్లగుడ్డ తయారయ్యేది. కాని ఆ చేతులుగల మనుష్యులు కలిసింది లేదు. పని కలిసింది, మనుష్యులు విడిగానే ఉండిపోయారు.

ప్రియులారా, మన సంఘ జీవితము కొన్నిసార్లు ఈ లేసు పనిని పోలి ఉండడము లేదా? ఒక పేటవారు చందా పంపుతారు, ఒక పేటవారు పందిరి వేస్తారు, ఒక పేటవారు వంట చేస్తారు. అన్నీ సమకూడి పండుగ జరిగిపోతుంది. ఒకే పాత్రలోనిది పుచ్చుకుని బల్ల దగ్గర నుండి లేచినవారము గుమ్మము దాటగానే ఎవరి పేటకు వారము వెళ్లిపోతాము. పెండ్లి సంబంధము మాట వచ్చినప్పుడు బాప్తిస్మమునకు ముందటి కులము అడుగుతాము. కమిటీ ఎన్నికలు వచ్చినప్పుడు ఏ పేటకు ఎన్ని ఓట్లని లెక్క వేస్తాము. ముక్కలు తేవడములో మనకు లోపము లేదు. అతుకు దగ్గర కూర్చోవడములో లోపము ఉన్నది.

ఇదే సూది, ఇదే దారము మరొక దేశములో మరొక విధముగా పని చేశాయి. దక్షిణ అమెరికా ఖండములోని చిలీ దేశములో 1973 సెప్టెంబరు 11న సైన్యము ప్రభుత్వమును కూలద్రోసింది. జనరల్ పినోచెట్ పాలనలో వేలమంది పట్టుబడ్డారు. అనేకుల జాడ మళ్లీ తెలియలేదు. బిడ్డలను, భర్తలను వెదుకుతూ జైళ్ల చుట్టూ, ఆస్పత్రుల చుట్టూ తిరిగిన స్త్రీలకు శాంటియాగో పట్టణములో సంఘములు నీడనిచ్చాయి. మొదట కతోలికులు, లూథరన్లు, మెథడిస్టులు, యూదులు కలిసి ఒక శాంతి కమిటీ నడిపారు. దానిని ప్రభుత్వము మూయించిన తరువాత కార్డినల్ రౌల్ సిల్వా హెన్రీకెజ్ 1976లో ఒక సహాయ సంస్థను స్థాపించి ఆ పనిని కొనసాగించారు.

ఆ నీడలో 1974 నుండి ఆ స్త్రీలు గోనెపట్టా మీద గుడ్డపీలికలు కుట్టి చిత్రపటములు చేయసాగారు. వాటిని ‘అర్పియేరా’లు అంటారు. ఆ దేశపు భాషలో ఆ మాటకు గోనెపట్టా అనే అర్థము. వెనుక కొండలు, పైన సూర్యుడు, ముందు జైలు తలుపు దగ్గర నిలబడిన తల్లులు. కొందరు కనబడకుండా పోయిన తమవారి చొక్కా ముక్కనే ఆ పటములో కుట్టారు. ఒక్కొక్క పటము ఒక్కొక్కరి ఒడిలోనే తయారయినా, వారు గుంపుగా కూర్చునేవారు, ఏమి కుట్టాలో కలిసి మాట్లాడుకునేవారు, పూర్తయిన పటమును అందరూ చూసేవారు. అమ్మగా వచ్చిన సొమ్ములో కొంత ఎక్కువ అవసరములో ఉన్నవారికి తీసిపెట్టేవారు. సంఘము ఆ పటములను దేశము దాటించింది. పత్రికలు వ్రాయలేని కాలములో ఆ గుడ్డపీలికలు చిలీ దేశపు దుఃఖమును లోకమునకు చెప్పాయి. 1990లో ఆ సైనిక పాలన ముగిసింది.

నరసాపురములోను, శాంటియాగోలోను పేద స్త్రీలే, సూదిపనే, మొదట చేయూతనిచ్చినవారిలో క్రైస్తవులు ఉన్నారు. భేదమెక్కడ? ఒకచోట పని ఇంటింటికీ పంచబడింది. మరొకచోట మనుష్యులు పని చుట్టూ చేరారు. ఒకచోట అల్లినది ఏజెంటు సంచిలోనికి పోయింది. మరొకచోట కుట్టినవారే ముందుగా దానిని చూసి, దానిని గురించి మాట్లాడారు. మన తెర విషయములో ఈ రెండింటిలో ఏ మార్గము తీసుకుంటామో ఇప్పుడే తేల్చుకోవాలి. ప్రతి పాస్టరేట్ ఒక ముక్కను పంపితే, దర్జీ ఒకరు మిషను మీద కలిపి ఇస్తే, తెర తయారవుతుంది. ఐక్యత తయారు కాదు.

మేము మీకు చెప్పే ముందు చిన్న మోతాదులో చేసి చూశాము. గడచిన లెంటు దినములలో రెండు గ్రామములవారము చేరి ఒక బల్లగుడ్డ కుట్టాము. ఇండ్లనుండి వచ్చిన ముక్కలలో నేతబట్ట ఉన్నది, మిల్లుబట్ట ఉన్నది, తండానుండి వచ్చిన అక్క తెచ్చిన అద్దాల కుట్టు ముక్క కూడ ఉన్నది. కుట్టకముందు అన్నింటినీ నీళ్లలో నానబెట్టాలి. అలా చేయకపోతే కొత్త నూలుబట్ట ఉతికిన తరువాత కుంచించుకుపోయి ప్రక్కనున్న పాతబట్టను లాగి చింపుతుంది. ప్రభువు చెప్పిన మాసిక ఉపమానము ఎరిగినవారికి ఇది కొత్త సంగతి కాదు. రంగు దిగే ముక్కలను మాత్రము ముందుగా విడిగా జాడించాము. తరువాత రెండు ఊళ్ల బట్టలు ఒకే తొట్టిలో నానాయి, ఒకే తీగ మీద ఆరాయి. ఒకప్పుడు మన పెద్దలు ఒకే బావి నీరు తోడుకోలేకపోయిన దేశము ఇది. ఆ తొట్టి చుట్టూ నిలబడిన ముసలి తల్లులకు ఆ సంగతి గుర్తు లేకపోలేదు. ఎవరూ పైకి అనలేదు, కాని చాలాసేపు అక్కడే నిలబడ్డారు.

అతుకు దగ్గర ఇద్దరిద్దరము ఎదురెదురుగా కూర్చున్నాము. ఒకామె కుట్టు దగ్గర దగ్గరగా ఉంటుంది, మరొకామె కుట్టు దూర దూరముగా ఉంటుంది. ఒకామె దారమును బిగించి లాగుతుంది, మరొకామె వదులుగా విడిచిపెడుతుంది. ఎవరి పట్టు వారు విడువకపోతే బట్ట మధ్యలో ముడుత పడుతుంది. ముడుత పడినప్పుడు తప్పు ఎవరిదని వెదికితే దొరకదు, విప్పి మళ్లీ ఇద్దరూ కుట్టవలసిందే. అందుచేత ప్రతివారూ తన చేతిని చూసుకోవడము తగ్గించి ఎదుటివారి చేతిని చూడడము నేర్చుకున్నారు. చేతులు పనిలో ఉండి, కండ్లు బట్ట మీద ఉన్నప్పుడు నోరు తేలికగా తెరుచుకుంటుంది. ఎదురుగా ముఖము చూసి అడగలేని మాట కత్తెర అందిస్తూ అడగవచ్చు. సంవత్సరముల తరబడి పలకరింపు లేని ఇద్దరు మొట్టమొదట మాట్లాడుకున్న మాట ఏమిటంటే, “ఆ దారపు ఉండ ఇటు ఇవ్వమ్మా” అని. అది చిన్న మాటే. కాని దానికి ముందు ఎన్నిసార్లు రాజీ కూటములు పెట్టినా ఆ మాట రాలేదు.

ఇక్కడ కొందరు పెద్దలు ఒక అభ్యంతరము చెప్పవచ్చు. శ్మశానములో స్థలము దగ్గర భేదము, కమిటీలలో చోటు దగ్గర భేదము అలాగే ఉండగా బట్ట కుట్టుకుంటే ఏమి లాభము అని. ఆ మాట న్యాయమైనది. తెర అనేది అందముగా అలంకరించడానికి పనికివస్తుంది, లోపలి మురికిని దాచడానికి కూడ పనికివస్తుంది. దాచడానికైతే మాకు ఈ తెర వద్దు. న్యాయము జరగవలసినచోట న్యాయమే జరగాలి, దాని స్థానములో సూదిపని నిలువదు. అయితే న్యాయము గురించి మాట్లాడుకోవాలన్నా మనుష్యులు ఒకచోట కూర్చోవాలి కదా. ఆ కూర్చునే చాప ఈ బట్ట అవుతుంది.

మరికొందరు, ప్రభువు అంగీ కుట్టు లేనిదై యుండగా అతుకుల బట్టను సంఘమునకు గురుతుగా పెట్టడము తగునా అని అడగవచ్చు. ఆయన అంగీ ఆయనది. పైనుండి ఏకముగా నేయబడినది. మనము అట్లు నేయబడినవారము కాము, వేరు వేరు చోట్లనుండి తేబడి కూర్చబడినవారము. శరీరము కీళ్ల వలన అమర్చబడి పెరుగుతుందని పౌలు ఎఫెసీయులకు వ్రాశాడు. పౌలు డేరాలు కుట్టే పనివాడని, కొరింథులో అకుల, ప్రిస్కిల్లలతో కలిసి ఆ పని చేశాడని కూడ మరువకూడదు. మన దక్షిణ ఇండియా సంఘమే ఒక గొప్ప అతుకు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథీడ్రల్‌లో ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంప్రదాయములవారు ఒకటిగా కూర్చబడ్డారు. ఆ అతుకు కుదరడానికి ముందు దాదాపు 28 సంవత్సరములు వారు చర్చలలో కూర్చున్నారు. అంత సహనము చూపిన పెద్దల పిల్లలము ఒక బట్ట దగ్గర కొన్ని శనివారములు కూర్చోలేమా?

అందుచేత ఉత్సవ కమిటీకి మా విన్నపములు ఇవి.

ఒకటి, ప్రతి ఇంటినుండి అడుగు పొడుగు, అడుగు వెడల్పు గల ఒక నూలుబట్ట ముక్క రావాలి. అది వాడిన బట్టయే కావాలి. కొనుక్కువచ్చిన పట్టు వద్దు. ధనవంతుని ముక్క, దరిద్రుని ముక్క అని కంటికి తెలియకూడదు.

రెండు, ఏ ముక్క మీదను దాత పేరు ఉండకూడదు. ఆదివార బడి పిల్లలు తమకు తోచిన బొమ్మ వేసుకోవచ్చు, పెద్దలు పువ్వో, దీపమో, తమ ఊరి చెట్టో కుట్టుకోవచ్చు.

మూడు, తన ముక్కను తన బంధువుల ముక్కతో ఎవరూ అతకకూడదు. ప్రతి అతుకూ రెండు ఊళ్లవారు, లేక రెండు పేటలవారు ఎదురెదురుగా కూర్చుని వేయాలి.

నాలుగు, పని తెలిసినవారు నేర్పాలి. వంకర కుట్టును రాత్రివేళ రహస్యముగా విప్పి సరిచేయకూడదు. బట్ట నిలువదని తోస్తే కుట్టినవారి ఎదుటనే, వారి చేతనే మళ్లీ కుట్టించాలి.

ఐదు, ఇది స్త్రీల పని అని పురుషులు ప్రక్కకు తొలగకూడదు. బెసలేలు పురుషుడే. సూది పట్టలేని తాతగారు దారము చుట్టవచ్చు, చూపు చక్కగా ఉన్న పిల్లలు సూదిలోనికి దారము ఎక్కించవచ్చు.

ఆరు, తెర పూర్తి అయిన తరువాత దానిని కెథీడ్రల్‌లో తగిలించి తలుపు వేయకూడదు. ఒక్కొక్క పాస్టరేట్‌కు తీసుకువెళ్లాలి. ముక్క ఇచ్చిన ప్రతి తల్లి, ప్రతి తండ్రి మొత్తము తెరను తన కండ్లతో చూడాలి. లేసు అల్లిన ఆ స్త్రీలకు దక్కనిది మన సంఘములోని స్త్రీలకైనా దక్కాలి.

ఈ తెర ఫ్లెక్సీ వలె మెరవదు. దగ్గరకు వచ్చి చూసేవారికి వంకర కుట్లు కనబడతాయి. రంగులు ఒకదానికొకటి పొసగకపోవచ్చు. మరి నూరేండ్ల మన సంఘ చరిత్ర మాత్రము వంకర లేకుండా సాగిందా? పట్టి ఉంచినది దేవుని కృప. ఆ కృపను గురించి సాక్ష్యమిచ్చే బట్ట అంతకంటె నునుపుగా ఉండనక్కరలేదు.

సభా మందిరము గుమ్మము దగ్గర రెండు గంపలు పెట్టాము. మీలో కొందరు ముందుగానే విని ముక్కలు తెచ్చారు, వారికి కృతజ్ఞతలు. తేని వారు వచ్చే ఆదివారములోగా మీ పాస్టరుగారికి అందజేయండి. అంతకంటె ముఖ్యముగా, మొదటి శనివారము మధ్యాహ్నము ముక్కతోపాటు మీరు కూడ రండి. చాపలు పరచి ఉంచుతాము. మీరెరుగని ఊరివారి ఎదుట కూర్చోండి.

వేరు వేరు చోట్లనుండి మనలను తెచ్చి ఒకటిగా కూర్చిన ప్రభువు మన డయాసిస్‌ను రాబోవు దినములలో దీవించును గాక. ఆమేన్.